పదహారో మంచం దుప్పటి

ఘాజియాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరి అప్పటికి నాకు ఐదో ఏడు. మా ఆయన వాయుసేనలో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేస్తారు. పెళ్లయి ఆయన వెంట ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు హిందీలో కూరగాయలు కొనడం కూడా వచ్చేది కాదు. చర్చిలో పరిచయమైన తెనాలి అక్క ఒకామె ఆ ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జిగా ఉండేది. నా సర్టిఫికెట్లు చూసి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో వారం రోజులు కూర్చోబెట్టి నేర్పి, నన్ను తన వార్డులోనే వేయించుకుంది. మా బాబు పుట్టినప్పుడు ఊరి నుంచి అమ్మ రావడం ఆలస్యమైతే, ఆ అక్కే నెల రోజులు పథ్యం వండి క్యారేజీలో పంపింది. ఆమె మాట కాదనడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు.

మాది మూడో అంతస్తులో మగవాళ్ల వార్డు. ఇరవై ఆరు మంచాలు. పొద్దుటి డ్యూటీకి కాగితం మీద నలుగురు నర్సులం. ఒకరిని ఐసీయూకి లాక్కునేవారు, ఒకరు సెలవులో ఉండేవారు, చాలా రోజులు ఇద్దరమే మిగిలేవాళ్లం. పదింటికల్లా ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, డాక్టర్ల రౌండు అన్నీ ఒకేసారి మీద పడేవి. మంచినీళ్లు తాగడానికి కూడా ఒకరికొకరం చెప్పి వెళ్లాల్సి వచ్చేది.

వార్డులో మాసిన దుప్పట్లన్నీ మూటలు కట్టి లిఫ్టులో కింద సెల్లార్‌కి పంపేవారు. అక్కడ ఐదుగురు ఆడవాళ్లు ఆ మూటలు విప్పి, రక్తం అంటినవి ఒక పక్క, మామూలువి ఒక పక్క వేరుచేసి ఉతకడానికి వేస్తారు. వాళ్లు ఆసుపత్రి మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు. వాళ్లలో బీహార్ నుంచి వచ్చిన ఒకామె రోజూ ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ మా వార్డుకు వచ్చేది. ముప్పై ఐదేళ్లుంటాయేమో. అందరం దీదీ అనేవాళ్లం. దుప్పట్లలో కలిసి కిందికి పోయిన వస్తువులు వెతికి పైకి తెచ్చివ్వడం ఆమెకు అలవాటు. కళ్లజోడు, థర్మామీటరు, ఒకసారి ఒక ముసలాయన కట్టుడు పళ్లు. కవర్లో వేసి తెచ్చి, ఎవరివో కనుక్కుని ఇవ్వమనేది. కింద తోటివాళ్లు ఇవన్నీ నీకెందుకని నవ్వేవారట. ఆ ముసలాయన భోజనం ఎలా చేస్తాడని అడిగేదాన్నని చెప్పింది నాతో.

అది మే నెల. పదహారో మంచంలో నలభై ఐదేళ్ల మనిషి ఉన్నాడు, కాలేయం పాడై ముందురోజు సాయంత్రం చేరాడు. పొద్దున తొమ్మిదిన్నరకు ఒక్కసారిగా రక్తం కక్కుకున్నాడు. డాక్టరు పరుగెత్తుకొచ్చి వెంటనే రక్తం తీసి పంపమన్నాడు. నరం దొరకడం కష్టమైంది. రెండోసారికి దొరికింది. గొట్టాల్లోకి రక్తం నింపి, సూదితో ఉన్న సిరంజి చేతిలో పట్టుకుని ట్రాలీ వైపు చూశాను. వాడిన సూదులు వేసే తెల్ల డబ్బా మూతి దాకా నిండి ఉంది. రెండు రోజుల కిందటే కొత్త డబ్బా కావాలని స్టోరుకు రాసి పంపాం, రాలేదు. డెస్కు దగ్గర ఇంకో డబ్బా ఉంది. అటు కదలబోయేంతలోనే అతని కళ్లు పైకి తేలిపోయాయి. సిరంజిని దుప్పటి అంచున, అతని మోకాలి పక్కన పెట్టాను. ఒక్క నిమిషమేగా అనుకున్నాను. ఆ తర్వాత ఆక్సిజన్, స్ట్రెచర్, నలుగురం కలిసి ఎత్తడం, ఐసీయూ దాకా పక్కన పరుగెత్తడం.

తిరిగి వచ్చేసరికి ఆయా ఆ మంచం మీద బట్టలన్నీ తీసేసి కొత్త దుప్పటి పరిచేసింది. సిరంజి గుర్తొచ్చింది. మంచం కిందకు వంగి చూశాను. లేదు. ఆయాను అడగాలి, కిందికి ఫోన్ చేసి మూట విప్పవద్దని చెప్పాలి. అంతలో తొమ్మిదో మంచం వాళ్లు సెలైన్ అయిపోయిందని పిలిచారు. నేను అటు వెళ్లాను.

పదకొండు దాటాక దీదీ పైకి వచ్చింది. బండి లేదు. ఎడమ చేతి చూపుడువేలికి గుడ్డ పీలిక చుట్టుకుని ఉంది. కుడి చేతిలో సగానికి కోసిన నీళ్ల సీసా, అందులో సిరంజి. ఇంకెవరికీ గుచ్చుకోకూడదని అందులో వేసి తెచ్చింది. సిరంజి అడుగున కొంచెం రక్తం నల్లగా గడ్డకట్టి ఉంది. మూట విప్పుతుంటే చేతి తొడుగులోంచి లోపలికి దిగిందని, ఇది మీ వార్డుదేనా అని హిందీలో అడిగింది. ఆమె అడిగింది అక్కను. కానీ పక్కనే నేను ఉన్నాను.

అక్క సీసాలోకి చూసి, నా వైపు చూసింది. రెండు వార్డుల బట్టలు ఒకే లిఫ్టులో దిగుతాయి, ఇది మాదేనని ఎలా చెప్తావని దీదీని అడిగింది. గొంతు పెంచలేదు, కోప్పడలేదు. దీదీ నా వైపు తిరిగింది. నేను చేసిందల్లా ఆమెను సింకు దగ్గరికి తీసుకెళ్లడం. గుడ్డ విప్పి, కుళాయి కింద వేలు పెట్టించి, సబ్బుతో చాలాసేపు కడిగాను. ఆమె చెయ్యి వేడిగా ఉంది. స్టాఫ్ క్లినిక్‌కి వెళ్లమని చెప్పాను. అక్కడ కాంట్రాక్టు వాళ్లను చూడరని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

క్లినిక్ వాళ్లు కాంట్రాక్టరు సూపర్‌వైజరు దగ్గరికి పొమ్మన్నారట. అతను ప్లాస్టరు అంటించి, డ్యూటీ పూర్తిచేసి వెళ్లమన్నాడట. ఇది నాకు ఆయా చెప్పింది.

మందుల గదిలో అక్క తలుపు దగ్గరగా వేసి నాతో తెలుగులో మాట్లాడింది.

"అమ్మాయ్, నీ మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోద్ది. కాస్త కుదుటపడు."

"అక్కా, అది నేను పెట్టిన సిరంజే."

"తెలుసు. సీనియర్ నర్సు పోస్టుకి నీ పేరు పంపి నెల కాలేదు. ఇప్పుడిది రాసిస్తే నీ ప్రమోషనూ పోద్ది, నా ఇన్‌ఛార్జి పనీ పోద్ది. అతని రక్తం రిపోర్టు రేపటికి వస్తది. రానీ. ఏమీ లేదని వస్తే ఎవరికీ ఏమీ కానట్టే కదా."

నాకు ఆ మాట కొంచెం హాయిగా కూడా అనిపించింది. అదే ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి బాబుకు అన్నం పెడుతూ, వాడు బడిలో ఏం జరిగిందో హిందీలో చెబుతుంటే ఊఁ కొడుతూ, మనసులో గంటలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. సూది గుచ్చుకున్నాక హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా వేస్తే అంత మంచిది, రెండు గంటల్లో అయితే మరీ మేలు. మూడు రోజులు దాటితే ఇక వేసినా లాభం లేదు. ఈ పాఠం కొత్తగా చేరిన నర్సులకు చెప్పేదాన్ని నేనే.

మా ఆయనతో చెప్పాను. ఆయన అన్నం తినడం ఆపి విన్నారు. తమ దగ్గర విమానం మీద పని అయ్యాక పనిముట్లన్నీ లెక్కచూసుకుంటారని, ఒక్క స్పానర్ కనబడకపోయినా విమానాన్ని కదలనివ్వరని, ఎవరు పోగొట్టారన్నది ఆ తర్వాతి సంగతని అన్నారు. నువ్వు చెప్పు అని కానీ, వద్దు అని కానీ అనలేదు.

మర్నాడు పది దాటాక రిపోర్టు వచ్చింది. కాలేయానికి పట్టిన హెపటైటిస్ సి ఉందని ముందే తెలిసిందే. దానితోపాటు హెచ్‌ఐవీ కూడా రియాక్టివ్, అంటే ఉన్నట్టు కనబడుతోందని ఉంది. ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష చేయాలని కింద రాసి ఉంది. అక్క ఆ కాగితం పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. కాసేపటికి, ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు వ్యాపించకుండా చూసే డాక్టరుకు చెప్పాల్సిందేనని, ఫలానా వార్డు నుంచి అని మాత్రం రాసి పంపుదామని, పేరు రాయనక్కర్లేదని అంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి సెల్లార్‌కి వెళ్లాను.

ఐదేళ్లలో అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. కిటికీ లేదు. ఉతికే యంత్రాల వేడి, బ్లీచింగు ఘాటు, ఒక్క ఫ్యాను. ఆడవాళ్లు నేల మీద కూర్చుని మూటలు విప్పుతున్నారు. దీదీ చేతికి నిన్నటి లాంటి పల్చటి తొడుగే ఉంది, దాని లోపల వేలికి ప్లాస్టరు. ఆమెను పక్కకు పిలిచి చెప్పాను. సూది నాదేనని, నిన్ననే తెలుసునని, ఆ రక్తంలో ప్రమాదం ఉందని, ఇవాళే మందు మొదలుపెట్టాలని చెప్పాను. ఆ రోగి ఎవరో, జబ్బేమిటో చెప్పకూడదు. చెప్పలేదు. ఆమెకు అర్థమైంది.

చేతిలో ఉన్న దుప్పటిని మడిచి పక్కన పెట్టింది. తొడుగులు తీసేసింది. అప్పుడు అడిగింది.

"రిపోర్టు మంచిగా వచ్చుంటే మీరు చెప్పేవారు కాదు కదా, సిస్టర్?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

సూపర్‌వైజరు డ్యూటీ మధ్యలో పంపనన్నాడు. ఆమెను తీసుకెళ్తున్నది నేనని, ఏదైనా ఉంటే నా మీద రాసుకోమని చెప్పి, యూనిఫాంతోనే బయటికి వచ్చాను. ఆటోలో మెట్రో స్టేషనుకు, అక్కడి నుంచి ఢిల్లీ సరిహద్దు లోపల ఆ మందు ఉచితంగా ఇచ్చే ఒక సర్కారు ఆసుపత్రికి వెళ్లాం. మెట్రోలో ఖాళీ సీటు ఉన్నా ఆమె కూర్చోలేదు.

అక్కడ అత్యవసర విభాగంలో ఒక కుర్ర డాక్టరమ్మ ఎప్పుడు గుచ్చుకుందని అడిగింది. నిన్న పదకొండింటికి అని దీదీ చెప్పింది. మరి నిన్ననే ఎందుకు రాలేదని డాక్టరమ్మ కాస్త కసిరినట్టే అడిగింది. దీదీ నన్ను చూసి, డాక్టరమ్మ వైపు తిరిగి, "నాకు తెలియలేదు" అంది. అప్పుడైనా నేను నోరు విప్పాలి. విప్పాను. డాక్టరమ్మ చీటీ రాసి, మొదటి మాత్ర అక్కడే, తన ఎదురుగానే మింగించింది. ఇరవై ఎనిమిది రోజులు మానకుండా వేసుకోవాలి. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు రక్తపరీక్షలు. అంతదాకా భర్తతో జాగ్రత్తగా ఉండాలని కౌన్సిలరు పక్కకు తీసుకెళ్లి చెప్పింది. హెపటైటిస్‌కు మాత్రం ముందుజాగ్రత్త మందు లేదు, పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటమేనని కూడా చెప్పింది.

మధ్యాహ్నం వార్డుకు తిరిగి వచ్చి ప్రమాదం జరిగితే నింపే ఫారం తీసుకున్నాను. కారణమైన వ్యక్తి అన్న గడిలో నా పేరు రాశాను. అక్క దాన్ని చదివి, సంతకం పెట్టి పక్కకు తోసింది.

"నా పేరు కూడా రాయాల్సింది. మాది కాదన్నది నేనే కదా."

ఆమె అలా అంటుందని నేను అనుకోలేదు. కోపమో, నిజంగానే అన్నదో ఇప్పటికీ తెలియదు. అంతకుమించి ఆ విషయం ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

వారం తర్వాత విచారణ పెట్టారు. ఆ రోజుల్లోనే ఆసుపత్రిలో ఉద్యోగుల ఆరోగ్య వారోత్సవం జరుగుతోంది. కింద హాల్లో బెలూన్లు కట్టారు. యోగా టీచరు వచ్చారు. పెద్ద కేకు కోసి అందరికీ పంచారు. విచారణ గది ఆ హాలు పక్కనే, మైకులో మాటలు మాకు వినబడుతూనే ఉన్నాయి. బల్లకు అటువైపు ముగ్గురు. సిరంజి మంచం మీద ఎందుకు పెట్టారని అడిగారు. డబ్బా నిండి రెండు రోజులైందని, ఇరవై ఆరు మందికి ఆ పూట ఇద్దరమే ఉన్నామని చెప్పాను. అవి వేరే విషయాలని, ఇప్పుడు అడిగింది సిరంజి గురించని ఒకాయన అన్నారు. ఇన్ఫెక్షన్ చూసే డాక్టరు ఒక్కరే, డబ్బా కోసం రాసిన కాగితం తెప్పించండి అన్నారు. తెప్పించారు. తేదీ చూసి ఫైల్లో పెట్టారు. నాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది, వ్యక్తిగత నిర్లక్ష్యం అని. సీనియర్ నర్సుల జాబితాలోంచి నా పేరు తీసేశారు. అది అన్యాయమని నేను అనుకోలేదు. కానీ ఆ ఉత్తరంలో డబ్బా మాట లేదు, సెల్లార్ మాట లేదు, ఆమె మాట కూడా ఒక్క వాక్యమే ఉంది: బాధితురాలు సంస్థ ఉద్యోగి కాదు.

పదహారో మంచం మనిషి ఐసీయూలో నాలుగో రోజే చనిపోయాడు.

మాత్రలు మొదలుపెట్టాక దీదీ ఇంకో వారం పనికి వచ్చింది. వాంతులు, తల తిరగడం. ఓఆర్ఎస్ పొట్లాలు తీసుకుని కిందికి వెళ్లేదాన్ని. తీసుకునేది, మాట్లాడేది కాదు. తర్వాత రావడం మానేసింది. రెండు రోజులు చూసి, మూడో రోజు తోటి ఆమెను అడిగి ఇల్లు తెలుసుకుని ఖోడా కాలనీకి వెళ్లాను. రెండు ఇటుక గోడల మధ్య సందు, పైన కరెంటు తీగలు చిక్కుపడి ఆకాశమే కనబడదు. మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఒకటే గది. దీదీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. భర్త భవనాలకు రంగులు వేసే పని చేస్తాడు, ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. అత్తగారు తలుపు దగ్గర పీట మీద కూర్చుంది. దీదీ పక్కన ఒక స్టీలు గ్లాసు, ఒక పళ్లెం విడిగా పెట్టి ఉన్నాయి. అవి ఎందుకు విడిగా ఉన్నాయో నాకు చెప్పనక్కర్లేకపోయింది.

భర్త ఆ మాత్రల సీసాను మందుల షాపుకు తీసుకెళ్లి చూపించాడట. అవి ఆ జబ్బు వాళ్లు వేసుకునే మాత్రలని షాపతను చెప్పాడట. సూది గుచ్చుకుందని ఈమె చెబితే నమ్మలేదు. అతను నన్ను కూర్చోమనలేదు. గొంతు మాత్రం మెల్లగానే ఉంది.

"సూది గుచ్చుకుంటే ఎవరైనా ఆ రోజే ఆసుపత్రికి పోతారు. ఈమె పనిచేసేదే ఆసుపత్రిలో. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎందుకు పోలేదు? అది చెప్పమంటే చెప్పదు."

ఆమె నా సంగతి వాళ్లకు చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఎందుకు చెప్పలేదో నేనెప్పుడూ అడగలేదు. నిలబడే మొత్తం చెప్పాను. నా హిందీ ఆ రోజు చాలాచోట్ల తడబడింది. సూది పెట్టింది నేను. తెలిసీ చెప్పనిది నేను. ఆమె ఆలస్యం చేయలేదు, ఆమెను ఆలస్యం చేసింది నేను. ఆమెకు జబ్బు లేదు, రాకుండా ఉండటానికే ఆ మాత్రలు, కలిసి తింటే ఎవరికీ ఏమీ కాదు. ఇదంతా చెబుతున్నంతసేపు అతను నా మెడలోని ఐడీ కార్డు వైపే చూస్తున్నాడు. అయ్యాక, ఇదంతా కాగితం మీద రాసి ఇవ్వగలవా అని అడిగాడు. పిల్లవాడి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు. హిందీలో తప్పులతోనే రాశాను. కింద సంతకం, ఫోన్ నంబరు. అతను దాన్ని ఇంట్లో వాళ్లందరికీ వినబడేలా పైకి చదివాడు. ఒక చోట నా అక్షరాలు అర్థంకాక ఆగితే దీదీయే ఆ మాట అందించింది. అత్తగారు లేచి టీ పెట్టింది. టీ నాకు, కొడుకుకు ఇచ్చి, దీదీకి ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగి, అందరి గ్లాసుల్లోని ఒక గ్లాసులోనే పోసి ఇచ్చింది.

ఆమె ఇరవై ఎనిమిది రోజులూ మాత్రలు పూర్తిచేసింది. ఉద్యోగం మాత్రం పోయింది. పది రోజులు రాలేదని కాంట్రాక్టరు ఆమె చోట ఇంకొకరిని పెట్టుకున్నాడు. నేను ఇన్ఫెక్షన్ డాక్టరును అడిగాను, ఆయన ఇంకెవరినో అడిగారు. కాంట్రాక్టరు వ్యవహారంలో ఆసుపత్రి కలగజేసుకోదని సమాధానం వచ్చింది. తర్వాత ఆమెకు ఒక బడిలో ఊడ్చే పని దొరికింది. ఆసుపత్రిలో కొన్ని మారాయి. ప్రతి ట్రాలీకి రెండు డబ్బాలు వచ్చాయి. కాంట్రాక్టు వాళ్లకు దెబ్బ తగిలితే ముందు స్టాఫ్ క్లినిక్‌లోనే చూడాలని డాక్టరు పట్టుబట్టి ఒక సర్క్యులర్ తీయించారు. సెల్లార్‌కి మందపాటి తొడుగులు ఇచ్చారు. చిరిగాక మళ్లీ పల్చటివే ఇస్తున్నారని ఈ మధ్య విని స్టోరుకు రాశాను, మళ్లీ రాశాను. పొద్దుటి డ్యూటీకి ఇప్పటికీ చాలా రోజులు ఇద్దరమే.

అక్క వేరే అంతస్తుకు మారింది. చర్చిలో ఎదురైతే బాబును దగ్గరికి తీసుకుంటుంది, నన్ను బాగున్నావా అని అడుగుతుంది.

పరీక్షలకు మూడుసార్లూ దీదీతో నేనే వెళ్లాను. ఆరు వారాలకు ఏమీ లేదు, మూడు నెలలకు ఏమీ లేదు. ఆరు నెలల పరీక్ష రోజుకు చలి మొదలైంది. రిపోర్టు నా చేతికిచ్చి చదవమంది. రెండు జబ్బులూ లేవని చదివాను. ఇంకోసారి, మెల్లగా చదవమంది. చదివాను. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. అప్పుడు నేను నన్ను క్షమించమని అడిగాను. ఆ మాట అంతకుముందే అడగాల్సింది, రిపోర్టు ఎలా వస్తుందో తెలియనప్పుడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళైందని, తను వెళ్లాలని అంది. స్టేషనుకు పోయే షేర్ ఆటో ఒకటి ఆగితే ఎక్కింది.

ఆ తర్వాత నాలుగైదు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ తీసింది. ఒంట్లో బాగుందని, పెద్దవాడికి పరీక్షలని, చిన్నదానికి జలుబని చెప్పింది. మా బాబు ఎలా ఉన్నాడని అడిగింది. తనంతట తానుగా మాత్రం ఒక్కసారీ చేయలేదు.